ఊరి మొక్కలతో ఏడాది చదువు: పిల్లలకు ఇంటి వైద్యం నేర్పే పద్ధతి

అజీర్తికి వాము, దగ్గుకు అడ్డసరం, కామెర్లకు నేల ఉసిరి. ఇంటి వైద్యం నేర్పుతామని బయల్దేరే చాలామంది చేతిలో ఇలాంటి జాబితాయే ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగేదీ ఇదే. పిల్లలు దీన్ని ఎక్కాల్లా బట్టీ పడతారు. గట్టు మీద నేల ఉసిరి ఏదో చూపించమంటే మాత్రం పక్కనున్న ఇంకేదో పీకి తెస్తారు. జబ్బు పేరుతో మొదలైన పాఠం మందు దాకా తొందరగా పోతుంది, మొక్క దాకా రానే రాదు. అందుకే ఇక్కడ చెప్పబోయేది తిరగేసిన క్రమం: ముందు మొక్కను గుర్తుపట్టడం, దాంతో పాటే విషపు మొక్కల పరిచయం, తరవాత వంటింటి వాడకం. మందు అనే మాట అన్నిటికన్నా చివర వస్తుంది.

ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, పది పన్నెండు మందికి మించకుండా, ఆదివారం పొద్దున గంటన్నర. ఆషాఢంలో మొదలుపెట్టి ఉగాదికి ముగించండి. బడులు తెరిచాక, వానలు పడ్డాక మొదలవుతుంది కాబట్టి మొక్కలకూ పిల్లలకూ ఇద్దరికీ అదే సరైన కాలం.

1. ముందు మీరు ఒక్కరే నడిచి రండి

పిల్లల్ని పోగుచేయకముందే, మీ ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఏమేం మొలిచాయో చూసుకోండి. చెరువు గట్టు, గుడి వెనక, రైలు కట్ట పక్కన, అపార్ట్‌మెంట్ ప్రహరీ మూల, ఏదైనా సరే. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల ఇల్లు కట్టకుండా వదిలేసిన ప్లాటు ఒక్కటి దొరికినా సగం సిలబస్ అక్కడే ఉంటుంది. వానలు పట్టాక వెళ్తే ఉత్తరేణి, నేల ఉసిరి, తుమ్మి, గడ్డి చామంతి, రెడ్డివారి నానబాలు, తుత్తురు బెండ కనిపిస్తాయి. నీళ్ళు నిలిచే చోట గుంటగలగర ఉంటుంది.

ఏడాదికి పన్నెండు మొక్కలు చాలు. వాటిలో నాలుగు వంటింటివో కుండీలవో, నాలుగు కలుపు మొక్కలు, నాలుగు పెద్ద చెట్లు. శేషాచలం, నల్లమల అడవుల్లోని అరుదైన మూలికల గురించి చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, నిజమే. కానీ రోజూ తొక్కుకుంటూ పోయే మొక్క తెలియకుండా ఎర్రచందనం గురించి వినడం వాళ్ళకు కథ కిందే లెక్క.

తల్లిదండ్రుల అనుమతి, స్థలం యజమాని అనుమతి తీసుకోండి. ఏ పిల్లవాడికి ఆస్తమా, ఎలర్జీ ఉన్నాయో ముందే అడిగి రాసుకోండి. ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ ఉంటే, అది కొందరికి ఒంటి మీద దద్దుర్లు, తుమ్ములు తెప్పిస్తుంది. కాళ్ళకు బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి.

2. గోరింటాకుతో మొదలుపెట్టండి

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం మన ఇళ్ళల్లో ఉన్నదే కాబట్టి మొదటి పాఠానికి ప్రత్యేకంగా ఏమీ ఏర్పాటు చేయక్కర్లేదు. నోట్లో పెట్టుకునేది కాదు కాబట్టి భయం లేదు. పైగా ఫలితం సాయంత్రానికల్లా చేతి మీద కనిపిస్తుంది.

పిల్లల చేతే ఆకు దూయించండి. కొమ్మ చివర ముళ్ళుంటాయి, చూపించండి. రోట్లో కాస్త చింతపండు వేసి మెత్తగా నూరమనండి. మిక్సీ వద్దు. నూరుతుంటే పచ్చటి ముద్ద నూరేవాళ్ళ వేళ్ళకు అప్పుడే నారింజ రంగు పట్టించడం మొదలుపెడుతుంది. ఆకులో కనపడని రంగు చేతికి ఎలా వచ్చిందని పిల్లలే అడుగుతారు. అడగకపోతే మీరు అడగండి. ఆకులో లాసోన్ అనే పదార్థం ఉంటుందని, నూరినప్పుడు అది బయటపడి చర్మంలోని ప్రోటీన్‌కు అతుక్కుంటుందని చెప్పండి. మొక్కలో ఉన్న ఫలానా పదార్థం ఒంటి మీద ఫలానా పని చేస్తుందనే ఆలోచనకు ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు. మందు పాఠానికి పునాది ఇదే. దాన్ని మందు అని మాత్రం ఇప్పుడే అనకండి.

బజారులో దొరికే నల్ల మెహందీ గురించి కూడా ఇక్కడే చెప్పేయండి. ఆ నలుపు గోరింటాకుది కాదు. తలకు వేసే రంగుల్లోని రసాయనం కలుపుతారు, దాని వల్ల చేతులు బొబ్బలెక్కవచ్చు. పసిపిల్లలకైతే అసలు గోరింటాకు కూడా పెట్టకూడదు. పుట్టుకతో ఒక ఎంజైమ్ లోపం ఉన్న శిశువుల్లో దాని వల్ల రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.

3. రెండో వారమే విషపు మొక్కలు

చాలామంది దీన్ని వాయిదా వేస్తారు. పిల్లలు భయపడతారనుకుంటారు. నా లెక్కలో ఇది వెనక్కి నెట్టే పాఠం కాదు. ఆకుల మీద ఆసక్తి పుట్టించి, ఏది ప్రమాదమో చెప్పకుండా ఇంటికి పంపడమే అసలు ప్రమాదం.

మన ఊళ్ళల్లో తప్పకుండా ఎదురయ్యేవి ఇవి. గన్నేరు, పచ్చ గన్నేరు: ఏ భాగమైనా గుండె మీద పనిచేసే విషమే. ఉమ్మెత్త: ముళ్ళ కాయ, తెల్లటి గరాటు లాంటి పువ్వు. తిన్నవాళ్ళకు నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మతి తప్పి ఏదేదో మాట్లాడతారు. జిల్లేడు: పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆముదం: నూనె సంగతి వేరు, గింజ సంగతి వేరు. విషం గింజలోనే ఉండిపోతుంది. గురివింద: తన కింది నలుపు ఎరగని ఆ ఎర్రటి గింజ పైపొర గట్టిది. నమిలినా, దండ గుచ్చడానికి చిల్లు పెట్టినా లోపలి విషం బయటికొస్తుంది. అడవినాభి: వానాకాలంలో కంచెల మీద పాకి నిప్పు రంగు పూలు పూస్తుంది, దుంప ప్రాణాంతకం.

వీటన్నిటికన్నా పిల్లలు ఎక్కువగా మోసపోయేది అడవి ఆముదం దగ్గర. బడి ప్రహరీకి కంచెగా ఉంటుంది. కాయ పగలగొడితే లోపల గింజ తినేదానిలాగే ఉంటుంది, రుచీ బాగుంటుంది. ఒకడు తిని బాగుందంటే పదిమందీ తింటారు, సాయంత్రానికి అందరికీ వాంతులు. ఈ కంచె మీ ఊరి బడిలో ఉంటే పాఠం అక్కడే చెప్పండి.

వాంతి చేయించడానికి ప్రయత్నించకూడదని, తిన్న కొమ్మనో కాయనో సంచిలో వేసుకుని 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పరిగెత్తాలని పిల్లల చేత చెప్పించండి. ఏ మొక్క తిన్నారో తెలిస్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది.

4. గుర్తుపట్టడం: ఐదు ప్రశ్నలు

శ్రావణమంతా దీనికే ఇవ్వండి. పిల్లల్ని పేరు అడగనివ్వకండి. ముందు ఈ ఐదింటికీ జవాబు రాయాలి.

ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి అటు ఒకటి ఇటు మార్చి మార్చి ఉన్నాయా? కాండం గుండ్రమా, నాలుగు పలకలా? తుంచితే పాలు వస్తాయా? నలిపితే వాసన ఉందా? పువ్వు, కాయ ఎక్కడున్నాయి?

కాండం సంగతి వేళ్ళతోనే తెలుస్తుంది. తులసి రెమ్మను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దొర్లించమనండి. టకటకా పలకలు తగులుతాయి. తరవాత పుదీనా, మరువం, తుమ్మి రెమ్మలు ఇవ్వండి. అన్నీ పలకలే, అన్నిటికీ ఎదురెదురు ఆకులే. అన్నీ ఒకే కుటుంబమని మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళే అనేస్తారు.

పాల పరీక్షకు నేల ఉసిరి, రెడ్డివారి నానబాలు పక్కపక్కన పెట్టండి. రెండూ పొట్టిగా నేలకు దగ్గరగా ఉండేవే, దూరం నుంచి ఒకేలా అనిపిస్తాయి. నానబాలును తుంచితే తెల్లటి చుక్క బయటికి వస్తుంది. నేల ఉసిరిలో పాలుండవు. రెమ్మను వెనక్కి తిప్పితే ఆకుల కింద ఆవగింజకన్నా కాస్త పెద్ద కాయలు వరసగా వేలాడుతుంటాయి. జిల్లేడు, పచ్చ గన్నేరులతో ఈ పరీక్ష చేయనివ్వకండి.

గుంటగలగరను గుర్తుపట్టే తీరు పిల్లలకు గారడీ. లేత కాండం, ఆకు కలిపి అరచేతిలో గట్టిగా నలిపి చెయ్యి తెరిచి ఉంచమనండి. మొదట మామూలు పచ్చ పసరే. చూస్తుండగానే అది ముదిరి నల్లగా మారుతుంది. జుట్టు నూనెకు దీన్నెందుకు ఎంచుకున్నారో పెద్దగా వివరించక్కర్లేదు. దీని పక్కనే గడ్డి చామంతి పెట్టండి. ఆ పువ్వు పొడవాటి కాడ చివర ఒంటరిగా నిలబడుతుంది, నలిపితే నల్లబడదు. దెబ్బ తగిలితే ఈ ఆకు పసరు పిండే అలవాటు మన పల్లెల్లో ఉంది కానీ మొక్క మాత్రం అమెరికా ఖండం నుంచి వచ్చింది. సీతాఫలమూ అంతే. పాత వైద్యం అంటే వేల ఏళ్ళ నాడు ముగిసిపోయిన పాఠం అనుకునేవాళ్ళకు ఈ రెండూ చూపించాలి. కొత్త మొక్క వస్తే మనవాళ్ళు పరీక్షించి కలుపుకున్నారు.

ఒకే పేరుతో రెండు మొక్కలుంటే టెన్షన్ పడకండి, అది మామూలే. వంటింట్లో వాము గింజలిచ్చే మొక్క వేరు, బజ్జీలు వేసుకునే మందపాటి వాము ఆకు మొక్క వేరు. బ్రాహ్మి అని ఒకరు సరస్వతి ఆకును అంటారు, ఇంకొకరు నీటి ఒడ్డున పెరిగే మరో మొక్కను అంటారు. అందుకని నోటుబుక్కులో ఊరి పేరు, పుస్తకాల పేరు, శాస్త్రీయ నామం మూడూ రాయించండి. ఫోన్‌లో ఫొటో తీసి మొక్క పేరు చెప్పే యాప్‌ను ఊహ వరకే వాడండి. చిన్న కలుపు మొక్కల దగ్గర అది తరచూ తప్పుతుంది.

ఇంత పట్టుదల ఎందుకో తిప్పతీగ కథ చెబితే పెద్ద పిల్లలకు అర్థమవుతుంది. కరోనా కాలంలో ఇంటింటా దాని కషాయం తాగారు. 2021లో ముంబై వైద్యులు అలా తాగినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అవే పోలికలున్న ఇంకో తీగ వాడి ఉండవచ్చంది. ఎవరిది నిజమైనా, తీగను సరిగ్గా గుర్తుపట్టడం ఎంత అవసరమో తేలింది. అసలు తిప్పతీగ ఆకు హృదయాకారం, కాండం మీది పొర కాగితంలా ఊడి వస్తుంది, కింద పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే లోపల బండిచక్రం ఊచలు పరిచినట్టు కనిపిస్తుంది. పిల్లలకు భూతద్దం ఇచ్చి చూపించండి, తాగించకండి.

5. వినాయక చవితి: పరీక్ష రోజు

ఏకవింశతి పత్రిపూజలో 21 ఆకులు. ఇంత చక్కటి సిలబస్‌ను ఏ విద్యాశాఖా తయారుచేయలేదు. మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, దానిమ్మ, మరువం, వావిలి, జాజి, జమ్మి, రావి, మద్ది... గడ్డి నుంచి మహావృక్షం దాకా అన్నీ ఉన్నాయి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా అందులోనే ఉన్నాయి, కాబట్టి పూజకు వాడేదంతా తినేది కాదన్న సంగతి మళ్ళీ గుర్తుచేయవచ్చు.

చవితి ముందు రోజు బజారులో ఒక పత్రి కట్ట కొని తెచ్చి, చాప మీద విప్పి, పిల్లల చేత వేరుచేయించండి. వ్రతకల్పంలోని పేర్లు ఒక పక్క, చేతిలోని ఆకులు ఒక పక్క. చాలాసార్లు 21లో సగమైనా ఉండవు, దారిపక్కన కోసిన ఏదో కొమ్మతో కట్ట నింపేసి ఉంటారు. అది పట్టుకున్నప్పుడు పిల్లల మొహాలు చూడాలి. మరుసటి రోజు ఎవరింటికి వాళ్ళు తమ వీధిలో దొరికినవే తెచ్చుకోమనండి. వావిలి ఆకు అడుగున తెల్లగా, చేతివేళ్ళలా మూడో ఐదో రెక్కలుగా ఉంటుంది. ఘాటు వాసనతో కళ్ళు మూసుకునైనా పట్టేయవచ్చు. బాలింతల స్నానానికి దీన్నే నీళ్ళలో మరిగిస్తారు.

తెలంగాణలో ఉంటే ఇంకో నెలకు బతుకమ్మ. తంగేడు, గునుగు కోసం ఎక్కడికి వెళ్ళాల్సి వస్తోందో పిల్లలు పెద్దవాళ్ళనడిగి రాయాలి. రాష్ట్ర పుష్పం తంగేడే, అయినా ఊరి చుట్టూ ప్లాట్లు పడ్డచోట ఆ పువ్వు కొనుక్కోవాల్సిందే.

6. ఆకులు నొక్కి దాచడం

ఇది తేలిక. పువ్వో కాయో ఉన్న రెమ్మను న్యూస్‌పేపర్ మడతలో పరిచి, ఒక ఆకును తిరగేసి పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచండి. మొదటి మూడు రోజులూ రోజుకోసారి కాగితం మార్చాలి, లేకపోతే వానాకాలంలో బూజు పడుతుంది. పది రోజులకు ఎండిపోతుంది. అట్ట మీద కుట్టి పేర్లు, తేదీ, చోటు, కోసినవాళ్ళ పేరు రాయించండి. తేదీ, చోటు లేని అట్టకు విలువ లేదు.

7. పెద్దవాళ్ళ దగ్గరికి

దసరా సెలవుల్లో పంపండి. వెళ్ళి "అవ్వా, కామెర్లకు మందేంటి?" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా పట్టుమని ఒక్క మాటలో అయిపోతుంది. "అవ్వా, నీ చిన్నప్పుడు జ్వరమొస్తే మీ అమ్మ ఏం చేసేది? ఆ చెట్టు ఎక్కడుండేది?" అని అడిగితే గంట సేపు కూర్చోబెడుతుంది. ఆంధ్రా పిల్లలైతే అమ్మమ్మనో నాయనమ్మనో అడుగుతారు, తేడా ఏమీ లేదు. పిలుపు తీరు, ముందు మంచినీళ్ళు తాగి కూర్చోవడం, చెప్పేటప్పుడు ఫోన్ బయటికి తీయకపోవడం కూడా నేర్పాల్సినవే.

నాటు వైద్యం చేసేవాళ్ళ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. మందు బయటికి చెబితే పనిచేయదన్న నమ్మకం చాలామందికి ఉంది. అది వాళ్ళ బతుకుతెరువు కూడా. చెప్పనంటే వదిలేయాలి. చెబితే వాళ్ళ అనుమతి లేకుండా యూట్యూబ్‌లో పెట్టకూడదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీలు ఇలాంటి పరిజ్ఞానాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో నమోదు చేయాలి. మీ పంచాయతీది తయారైందేమో కనుక్కుని, అందులోని మొక్కల పేర్లను పిల్లల నోటుబుక్కులతో పోల్చి చూడండి. పెద్ద పిల్లలకు రెండు ఆదివారాలు సరిపోయే పని.

8. పొయ్యి దగ్గర

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలతో ఈ భాగం మొదలుపెట్టండి. మీ సొంత నియమం ఒకటి పెట్టుకోండి: కూరగానో పచ్చడిగానో ఇప్పటికే తినే మొక్కలనే పిల్లలతో వండించాలి. వాము ఆకు బజ్జీ, పొన్నగంటి కూర పప్పు, సరస్వతి ఆకు పచ్చడి, కరివేపాకు కారం, ఉసిరి తొక్కు. వీటికి మించి అక్కర్లేదు.

కషాయం ఒకటి నేర్పండి. గుప్పెడు తులసి ఆకులు, అంగుళం అల్లం ముక్క, నాలుగు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్ళలో వేసి, సన్నటి సెగ మీద ఒక గ్లాసయ్యే దాకా మరిగించాలి. వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక బెల్లం కలపాలి. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించకూడదని కూడా ఇక్కడే చెప్పండి. వాళ్ళింట్లో చెల్లెలో తమ్ముడో ఉంటారు కదా.

కలబంద కోసినప్పుడు ఆకును కాసేపు నిటారుగా నిలబెడితే పసుపు రంగు జిగురు కారిపోతుంది. అది విరేచనాలు చేయిస్తుంది, కడిగేయాలి. చూడ్డానికి అలాగే ఉండే కిత్తనార మాత్రం కలబంద కాదు, దాని రసం తగిలితే చర్మం మండుతుంది. భోగికి కుంకుడుకాయ నురుగు తీయించండి. గింజలు తీసి, నానబెట్టి, చేత్తో పిసకడమే. కళ్ళు మంటపుడితే మందేమిటని అడుగుతారు. చన్నీళ్ళే.

9. ఎక్కడ ఆగాలో

ఇప్పుడు మందు గురించి మాట్లాడవచ్చు, పద్నాలుగేళ్ళ వాళ్ళతో మరీ బాగా. అడ్డసరంలోని వాసిసిన్ నుంచే దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్ పుట్టింది. సర్పగంధ వేరు నుంచి 1952లో రిసర్పిన్ తీశారు, రక్తపోటుకు అది అప్పట్లో పెద్ద మందు. మొక్కల్లో సత్తా ఉందనడానికి ఇవి చాలు.

ఆ వెంటనే కామెర్ల పసరు గురించి చెప్పండి. మన దగ్గర ఎక్కువగా వచ్చే వైరస్ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి. మధ్యలో పసరు తాగితే పేరు దానికొస్తుంది. కానీ కామెర్లకు పిత్తాశయంలో రాళ్ళ నుంచి క్యాన్సర్ దాకా కారణాలున్నాయి, రక్తపరీక్ష లేకుండా ఏదో తెలియదు. పాముకాటు విషయంలో చర్చే లేదు: విషానికి విరుగుడు ఆసుపత్రిలోని ఇంజెక్షనే, ఏ ఆకూ కాదు. పాముకాటుకు పల్లెల్లో వాడే నల్ల ఈశ్వరి వేరులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కలిగిస్తుంది. తాతల నాటిదైనా వదిలేయాల్సినవి ఉన్నాయని పిల్లల ముందు మొహమాటం లేకుండా చెప్పగలిగినవాళ్ళే ఈ తరగతి నడపాలి.

పసిపిల్లలు, గర్భిణులు, బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు: వీళ్ళకు ఏ ఆకు మందూ మీరు చెప్పకండి. షుగర్, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడం మాయమందుల ప్రకటనలను అడ్డుకునే 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

10. కోయడం, నాటడం

రోడ్డు పక్కవి, మురుగు కాలువ పక్కవి తినడానికి కోయవద్దు. పొలం గట్టు మీదివైతే గడ్డిమందు కొట్టారేమో రైతును అడగాలి. ఒక మొక్కకు నాలుగు ఆకులు తీసుకుంటే బతుకుతుంది, వేరు తవ్వితే పోతుంది. సర్పగంధ అడవుల్లో తగ్గిపోయింది వేరు కోసం తవ్వే. తపసి బంక కోసం గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టిన చోట చెట్లే చచ్చిపోయాయి. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఏదీ కోయకూడదు, అది చట్టం.

కుండీలకు తులసి, వాము ఆకు, కలబంద, సరస్వతి ఆకు. చివరిదానికి నీడ, తడి ఉంటే చాలు, తీగలుగా పాకుతుంది. తిప్పతీగ జానెడు ముక్క గుచ్చితే బతికేస్తుంది.

డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి పిల్లలకు నేర్పాలనుకునేవాళ్ళు గట్టున మొలిచే మన మొక్కల కోసం వెతక్కండి. ఐదు ప్రశ్నలూ అక్కడి పార్కులోని మొక్కలకూ పనిచేస్తాయి. విషపు మొక్కల జాబితా మాత్రం ఆ ఊరిదే తయారుచేసుకోవాలి. విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకుపోతే ఎయిర్‌పోర్టులో ఆపుతారు.

11. ఉగాదికి ముందు

వేప పూత వచ్చేసరికి చివరి తరగతి. ఒక్కొక్కరూ కొత్త పిల్లలిద్దరిని వెంటబెట్టుకుని వీధి చివరి దాకా నడిపించాలి, మీరు వెనక నడవండి. ఎన్ని పేర్లు చెప్పారన్నది కాదు, తెలియని మొక్క దగ్గర "ఇది నాకు తెలియదు, ముట్టుకోవద్దు" అన్నారా లేదా చూడండి. అలా అన్న పిల్లవాడు తరవాతి ఏడాది మీకు సాయంగా పనికొస్తాడు. ఎండలు ముదిరేలోపు తుమ్మి, ఉత్తరేణి, నేల ఉసిరి గింజలు దులిపి, కాగితం పొట్లాల్లో తేదీ రాసి అతని చేతికే ఇవ్వండి, జూన్‌లో మీకు అవి కావాలి.